ఆ కాగితం ఎక్కడుందో అమ్మకూ తెలియాలి!

బియ్యం డబ్బా వెనకాల ఏముందో, బీరువా రెండో అరలో ఏ చీర కింద ఏ రసీదు ఉందో కళ్లు మూసుకుని చెప్పేస్తాం. అదే కంప్యూటర్లో పెట్టిన కాగితం గురించి ఎవరైనా అడిగితే మాత్రం 'ఆయన్నడగండి', 'మా అబ్బాయి వచ్చాక చూస్తాడు' అనేస్తాం. ఎందుకలా? కంప్యూటర్‌తో పాటే వచ్చే సెర్చ్, ఉచితంగా దొరికే మరో సాధనం, తెర మీద పెట్టుకునే బుల్లి విడ్జెట్లు... వీటిని ఇంటి కంప్యూటర్ మీద ఒక్కొక్కటిగా వాడి చూస్తే ఏది పనికొస్తుందో, ఏది ఉత్త ఆర్భాటమో తేలిపోతుంది. రండి, చూద్దాం.

బీరువా మారిపోయింది

ఒకప్పుడు ఇంటి కాగితాలన్నీ ఓ రేకు పెట్టెలోనో, బీరువా లాకర్లోనో ఉండేవి. ఇంటి దస్తావేజులు, పిల్లల మార్కుల మెమోలు, ఎల్ఐసీ బాండ్లు, పెళ్లి ఫొటోలు... అన్నీ అక్కడే. తాళంచెవి ఇల్లాలి కొంగుకే ఉండేది. చదువు లేని అమ్మమ్మ కూడా 'ఆ ఎర్ర గుడ్డలో కట్టింది పొలం కాగితం' అని గుర్తుపెట్టుకునేది.

ఇప్పుడు? కరెంటు బిల్లు రసీదు పిడిఎఫ్. ఆసుపత్రి రిపోర్టు పిడిఎఫ్. బీమా పాలసీ మెయిల్లో వస్తుంది. పిల్లల సర్టిఫికెట్లన్నీ స్కాన్ చేయించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుంటాం. ఇవన్నీ చేరేది హాల్లో ఓ మూల ఉన్న కంప్యూటర్లోకో, ఇంట్లో అందరూ వాడే ల్యాప్‌టాప్‌లోకో. వాటిని అందులో పెట్టేది మాత్రం ఏ ఒక్కరో. ఆ ఒక్కరికి తప్ప మిగతావారికి అది తాళం వేసిన గదే!

మామూలు రోజుల్లో ఇదేం పెద్ద ఇబ్బందిగా అనిపించదు. కానీ రేపే కౌన్సెలింగ్... కుల ధ్రువీకరణ పత్రం కాపీ కావాలి. ఆయనేమో డ్యూటీలో ఉన్నారు, ఫోన్ ఎత్తరు. అర్ధరాత్రి మామగారికి ఛాతీలో నొప్పి వచ్చింది. పోయినసారి డిశ్చార్జ్ అయినప్పుడిచ్చిన కాగితం, బీమా పాలసీ నంబరు చూపించమంటారు ఆసుపత్రిలో. అంతకంటే కష్టమైన సందర్భం మరొకటుంది. ఇంటిపెద్ద హఠాత్తుగా దూరమైతే, కన్నీళ్లు తుడుచుకుంటూనే పాలసీలు ఎన్ని ఉన్నాయి, డిపాజిట్లు ఎక్కడున్నాయి అని వెతుక్కోవాల్సింది ఆ ఇల్లాలే. పేరు తెలియని కాగితం ఉన్నా లేనట్టే లెక్క. అందుకే కంప్యూటర్లో వెతకడం నేర్చుకోవడమన్నది కాలక్షేపం కాదు. ఇంటి తాళంచెవిని మళ్లీ చేతిలోకి తీసుకోవడం!

క్షణంలో ఎలా వెతుకుతుంది?

వేల ఫైళ్లున్న కంప్యూటర్లో ఓ మాట కొట్టగానే కావలసింది ముందుకొచ్చి నిలబడుతుంది. ఇందులో మంత్రమేమీ లేదు. లావుపాటి పుస్తకం చివర ఏ మాట ఏ పేజీలో ఉందో చెప్పే పట్టిక ఉంటుంది చూశారా... అలాంటి పట్టికనే కంప్యూటర్ ముందుగా రాసి పెట్టుకుంటుంది. దీన్నే ఇండెక్స్ అంటారు. మనం వేరే పని చేసుకుంటున్నప్పుడు అది ఫైళ్లన్నీ తిరగేసి, ఏ మాట ఏ ఫైల్లో ఉందో నమోదు చేసుకుంటుంది. మనం అడిగినప్పుడు ఫైళ్లను కాదు, ఆ పట్టికను చూసి చెబుతుంది. అందుకే అంత వేగం. పట్టికలో ఎక్కని ఫైలైతే మాత్రం ఒక్కొక్క ఫోల్డరూ తెరిచి చూడాలి. అప్పుడే ఆ ఆకుపచ్చ గీత నత్తలా కదులుతూ మన ఓపికను పరీక్షిస్తుంది.

ఈ సౌకర్యం ఇంటి కంప్యూటర్లకు బాగా అలవాటైంది 2004-05 ప్రాంతంలో. 2004 అక్టోబరులో గూగుల్ సంస్థ 'గూగుల్ డెస్క్‌టాప్' తెచ్చింది. వెంటనే మైక్రోసాఫ్ట్, యాహూలు కూడా పోటీకి దిగాయి. 2005 ఏప్రిల్‌లో యాపిల్ సంస్థ తన మ్యాక్ కంప్యూటర్లలో 'స్పాట్‌లైట్' పెట్టింది. తర్వాత విండోస్, మ్యాక్ రెండింట్లోనూ సెర్చ్ పుట్టుకతోనే వచ్చేయడంతో విడిగా పెట్టుకోవలసిన అవసరం తగ్గింది. 2011 సెప్టెంబరులో గూగుల్ తన డెస్క్‌టాప్‌ను ఆపేసింది. కాబట్టి ఇప్పుడెవరైనా 'గూగుల్ డెస్క్‌టాప్ డౌన్‌లోడ్' అంటూ ఎక్కడైనా చూపిస్తే అటు పోకండి.

ముందు ఇంట్లో ఉన్నది వాడండి

కొత్త గిన్నెలు కొనేముందు అటక మీద ఉన్నవి దించి చూస్తాం కదా... ఇదీ అంతే. విండోస్ కంప్యూటర్ అయితే కీబోర్డు కింది వరసలో కిటికీ బొమ్మ ఉన్న కీ ఒకటుంటుంది. దాన్ని నొక్కి వదిలేసి, వెంటనే కావలసిన ఫైలు పేరులో ఓ ముక్క టైప్ చేయండి. పేరంతా అక్కర్లేదు. 'పాలసీ' అన్న మాటకు ఇంగ్లీషులో మొదటి నాలుగక్షరాలు కొడితే చాలు, జాబితా వచ్చేస్తుంది.

ఇంకాస్త నిదానంగా వెతకాలంటే కిటికీ బొమ్మ కీ, 'ఇ' అక్షరం కలిపి నొక్కండి. ఫోల్డర్లు కనిపించే కిటికీ తెరుచుకుంటుంది. అందులో కుడివైపు పైన ఉన్న గడిలో మాట కొట్టండి. దొరికిన వాటిని తేదీల వారీగా అమర్చుకోవచ్చు. 'ఎప్పుడో సంక్రాంతికి ముందు సేవ్ చేశాం' అన్నది గుర్తుంటే చాలు... పని సులువవుతుంది. పిడిఎఫ్‌లు మాత్రమే కావాలంటే నక్షత్రం గుర్తు, చుక్క పెట్టి, ఆ పక్కనే పిడిఎఫ్ అని ఇంగ్లీషులో కొడితే మిగతావన్నీ పక్కకు తప్పుకుంటాయి.

ఇక్కడే చాలామందిని విసిగించే విషయం ఒకటుంది. 'ఉందని తెలుసు, అయినా దొరకదు!' కారణమేమిటంటే... విండోస్ మామూలుగా 'క్లాసిక్' అనే పద్ధతిలో వెతుకుతుంది. అంటే డాక్యుమెంట్స్, పిక్చర్స్, మ్యూజిక్ ఫోల్డర్లు, డెస్క్‌టాప్ వరకే పట్టిక రాసుకుంటుంది. మన ఇళ్లలోనేమో 'సి డ్రైవ్‌లో పెడితే ఫార్మాట్ చేసినప్పుడు పోతాయి' అన్న భయంతో ముఖ్యమైనవన్నీ డి డ్రైవ్‌లోనో, ఇ డ్రైవ్‌లోనో దాస్తాం. అంటే వంటింట్లో వెతకమని చెప్పి, వస్తువు పడగ్గదిలో పెట్టినట్టు! సెట్టింగ్స్‌లోకి వెళ్లి 'సెర్చింగ్ విండోస్' అన్నచోట 'ఎన్‌హాన్స్‌డ్' ఎంచుకుంటే కంప్యూటర్ మొత్తం పట్టికలోకి ఎక్కుతుంది. మొదట్లో కొంతసేపు కంప్యూటర్ బరువుగా నడుస్తుంది. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టి, రాత్రి భోజనాలయ్యాక ఈ పని అప్పగించి వదిలేయండి. అంత అక్కర్లేదనుకుంటే ఇంటి కాగితాలున్న ఆ ఒక్క ఫోల్డర్‌నే పట్టికలో చేర్చుకోవచ్చు.

మ్యాక్ వాడేవారికి ఈ గొడవ తక్కువ. కమాండ్ కీ, స్పేస్ బార్ కలిపి నొక్కితే స్పాట్‌లైట్ గడి తెర మధ్యలో ప్రత్యక్షమవుతుంది. మాట కొట్టడమే ఆలస్యం.

పేరులోనే ఉంది 'ఎవ్రీథింగ్'

విండోస్ సెర్చ్‌తో సరిపెట్టుకోలేనివారు తప్పక చూడవలసింది 'ఎవ్రీథింగ్'. వాయిడ్‌టూల్స్ వారి ఈ చిన్న సాధనం ఉచితం. వారి సొంత సైట్ నుంచే దించుకోండి. ఇలాంటివి దించుకునేందుకంటూ ఉన్న అడ్డమైన సైట్లలో మనకక్కర్లేనివి కూడా వెంట తగులుకుని వస్తాయి.

దీని ప్రత్యేకత వేగం. విండోస్ తన డిస్కులో ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే చిట్టా ఒకటి ముందే ఉంటుంది. ఎవ్రీథింగ్ నేరుగా ఆ చిట్టానే చదివేస్తుంది. కొత్తగా విండోస్ వేసిన కంప్యూటర్లో సుమారు 1,20,000 ఫైళ్లుంటే వాటి పేర్లు చదవడానికి దానికి దాదాపు ఒక్క సెకను చాలు. పది లక్షల ఫైళ్లకైనా నిమిషమే అంటారు దాని తయారీదారులు. మనం ఒక్కో అక్షరం కొడుతుంటే జాబితా ఒక్కో అక్షరానికీ తగ్గిపోతూ ఉంటుంది. చూస్తుంటే సరదాగా ఉంటుంది. డి డ్రైవా, ఇ డ్రైవా అన్న తేడా కూడా లేదు.

అయితే ఒక్క మెలిక. ఇది ముఖ్యంగా పేర్లు చూసే సాధనం. ఫైలు లోపల ఏం రాసి ఉందో వెతకమంటే వెతుకుతుంది గానీ, దానికి పట్టిక ఉండదు కాబట్టి చాలా నెమ్మది. స్థూలంగా చెప్పాలంటే... పేరు గుర్తుంటే ఎవ్రీథింగ్, లోపలి మాట గుర్తుంటే విండోస్ సెర్చ్. రెండూ ఉంచుకున్నా ఒకదానితో ఒకటి పోట్లాడుకోవు. పెన్‌డ్రైవ్‌లలో ఉన్నవి మాత్రం దానంతటది పట్టించుకోకపోవచ్చు. అవి కావాలంటే విడిగా చేర్చాలి.

తెలుగులో వెతికితే దొరకదేం?

ఇది మన ఇళ్లకే ప్రత్యేకమైన చిక్కు. అమ్మ రాయించుకున్న వీలునామా, ఇంటి అగ్రిమెంటు, పెళ్లి శుభలేఖ... వీటిని వీధి చివరి డిటిపి సెంటర్లో టైప్ చేయించి ఉంటాం. తెర మీద చక్కటి తెలుగే కనిపిస్తుంది. సెర్చ్‌లో అదే మాట తెలుగులో కొడితే 'ఏమీ లేదు' అంటుంది. కంప్యూటర్ చెడిపోయిందనుకుంటాం. కాదు!

డిటిపి సెంటర్లలో ఏళ్ల తరబడి వాడుతున్న అను వంటి ఫాంట్లలో కంప్యూటర్ లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలూ, గుర్తులే. వాటికి తెలుగు బొమ్మలు తొడిగి చూపిస్తారంతే. సెర్చ్‌కి ఆ ముసుగు తెలియదు. లోపలున్న ఇంగ్లీషు గజిబిజినే చదువుకుంటుంది. యూనికోడ్ పద్ధతి అలా కాదు. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ తలా ఒక నంబరు ఇచ్చే ఈ పద్ధతిలో 1991లో వచ్చిన మొదటి విడతలోనే తెలుగుకూ చోటు దక్కింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో 'గౌతమి' ఫాంటు కూడా వచ్చింది. యూనికోడ్‌లో టైప్ చేసిన తెలుగు అయితే ఇంగ్లీషు దొరికినట్టే దొరుకుతుంది.

అందుకని డిటిపి సెంటర్‌కి వెళ్లినప్పుడు 'యూనికోడ్‌లో చేసివ్వండి' అని ఒక్కమాట అడగండి. పాత ఫైళ్లకైతే కనీసం ఫైలు పేరు తెలుగులోనో, ఇంగ్లీషులోనో అర్థమయ్యేలా మార్చండి. ఇంట్లోనే తెలుగు టైప్ చేయాలనుకుంటే 2019 నుంచి విండోస్ 10లో ఫొనెటిక్ తెలుగు కీబోర్డు ఉంది. 'అమ్మ' అని పలికినట్టు ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగులో పడుతుంది. భాష సెట్టింగ్స్‌లో తెలుగును చేర్చుకున్నాక, కిటికీ బొమ్మ కీ, స్పేస్ బార్ కలిపి నొక్కుతూ ఇంగ్లీషుకీ తెలుగుకీ మారవచ్చు.

పేర్ల ఇంగ్లీషు స్పెల్లింగులతోనూ తంటానే. 'లక్ష్మి' అన్న పేరును ఒకరు 'కె, ఎస్, హెచ్'లతో రాస్తే మరొకరు 'ఎక్స్'తో కానిచ్చేస్తారు. మనిద్దరికీ అది ఒకే పేరు. సెర్చ్‌కి మాత్రం ఇద్దరు వేర్వేరు లక్ష్ములు! ఆధార్‌లో ఏ స్పెల్లింగ్ ఉందో దాన్నే ఫైలు పేర్లలో కూడా వాడాలని ఇంట్లో ఒక నియమం పెట్టుకోండి.

సీసాకి చీటీ అంటించినట్టు...

ఎంత గొప్ప సాధనమైనా స్కాన్ చేసిన కాగితం ముందు తెల్లముఖం వేస్తుంది. స్కానర్ తీసింది ఫొటో. మన కంటికి అక్షరాలు, కంప్యూటర్‌కి ఉత్త బొమ్మ. అందులో 'పదో తరగతి' అని ఉన్నట్టు మామూలు పట్టికలో ఎక్కదు. దాని పేరేమో 'స్కాన్ 0001'. ఫోన్‌లో వాట్సాప్ నుంచి వచ్చినదైతే మరీనూ... ఐఎంజీ, ఓ తేదీ, డబ్ల్యూఏ, నాలుగంకెలు! ఇలాంటివి వందలుంటే ఏ సెర్చ్ మాత్రం ఏం చేస్తుంది?

ఉప్పూ పంచదారా ఒకేలాంటి సీసాల్లో పోస్తే చీటీ అంటిస్తాం కదా. ఇక్కడా అదే మందు. ఎవరిది, ఏమిటి, ఎప్పటిది... ఈ మూడూ పేరులో ఉంటే చాలు. 'అత్తయ్య షుగర్ రిపోర్ట్ 2024-06', 'చిన్నోడు టెన్త్ మెమో 2023', 'ఇంటి పన్ను రసీదు 2025' అన్నట్టుగా. పేరు మార్చడానికి ఫైలు మీద ఒకసారి నొక్కి, కీబోర్డు పై వరసలోని ఎఫ్2 కీ నొక్కితే సరి.

తేదీ రాసేటప్పుడు ముందు సంవత్సరం, తర్వాత నెల రాయండి. అప్పుడు జాబితాలో పాతవి ముందూ కొత్తవి వెనకా వాటంతటవే వరసలో నిలబడతాయి. మధ్యలో అడ్డగీత పెట్టండి. ఏటవాలు గీతను విండోస్ ఫైలు పేర్లలో ఒప్పుకోదు. అన్నట్టు, వాట్సాప్ ఫొటోల పేర్లలో ఉండే ఆ ఎనిమిదంకెలు సంవత్సరం, నెల, రోజే. 2020 జనవరి 15న వచ్చిన ఫొటో కావాలంటే 20200115 అని వెతికి చూడండి. ఆ రోజు వచ్చినవన్నీ బయటపడతాయి!

పాతవన్నీ ఒక్కరోజులో మార్చాలని నడుం కట్టకండి. విసుగొచ్చి మానేస్తాం. రోజుకు పది చాలు. ముందుగా ముఖ్యమైనవి... సర్టిఫికెట్లు, బీమా, ఆరోగ్యం, ఆస్తి, బ్యాంకు. ఫొటోల సంగతి తర్వాత.

తెర మీద ముచ్చట్లు

హాల్లో గోడకు గడియారం, క్యాలెండర్ తగిలించుకున్నట్టు కంప్యూటర్ తెర మీదా తగిలించుకునేవే విడ్జెట్లు. వాతావరణం, తేదీ, చేయాల్సిన పనుల చిట్టా, ఫొటోలు... చూడగానే తెలిసిపోయేలా ఉంటాయి. 2003లో మ్యాక్ కోసం వచ్చిన 'కన్‌ఫాబ్యులేటర్' వీటికి పేరు తెచ్చింది. దాన్ని 2005లో యాహూ కొనుక్కుంది. అదే ఏడాది యాపిల్ తన సొంత 'డ్యాష్‌బోర్డు' తెచ్చి, 2019లో తీసేసింది. 2023లో మళ్లీ మ్యాక్ తెర మీదకే విడ్జెట్లు వచ్చాయి. విండోస్ విస్టాలో, ఆ తర్వాత విండోస్ 7లో 'గాడ్జెట్లు' అనేవారు. ముళ్ల గడియారం, విదేశీ కరెన్సీ రేట్లు అందులోవే. చాలామందికి అవి గుర్తుండే ఉంటాయి.

మరి అవేమయ్యాయి? 2012 జులైలో మైక్రోసాఫ్టే 'వీటిని ఆపేసుకోండి' అని హెచ్చరించింది. చూడటానికి బొమ్మే అయినా గాడ్జెట్ లోపల ఉండేది ఓ బుల్లి ప్రోగ్రాం. ఎవరో తయారుచేసిన గాడ్జెట్ మన కంప్యూటర్లో మనకున్న అధికారాలన్నీ వాడుకుని హాని చేసే వీలుందని తేలింది. ముచ్చటపడి తలుపు తీస్తే దొంగ దూరినట్టన్నమాట! కాబట్టి ఆ పాత గాడ్జెట్లను మళ్లీ తెచ్చిస్తామనే వాటి జోలికి వెళ్లకపోవడమే మంచిది.

2021లో వచ్చిన విండోస్ 11లో విడ్జెట్లు మళ్లీ వచ్చాయి. కిటికీ బొమ్మ కీ, 'డబ్ల్యూ' కలిపి నొక్కితే పక్క నుంచి ఓ పలక జారి వస్తుంది. వాతావరణం, క్యాలెండర్, పనుల చిట్టా పనికొచ్చేవే. వాటితో పాటు వార్తలూ వచ్చి పడతాయి. పని కోసం కూర్చుని సినిమా కబుర్లలో పడితే అరగంట ఇట్టే పోతుంది. అక్కర్లేదనుకుంటే సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, అందులో టాస్క్‌బార్ దగ్గర విడ్జెట్స్‌ను ఆపేస్తే సరి.

తెరను ఇంకా అందంగా ముస్తాబు చేసుకోవాలనుకునేవారికి 'రెయిన్‌మీటర్' ఉంది. ఇదీ ఉచితమే. రకరకాల డిజైన్లు దొరుకుతాయి. కానీ ఆ డిజైన్లు చేసేది వేరెవరో. నమ్మకమైన చోటు నుంచే తీసుకోవాలి. పైగా పాత కంప్యూటర్ మీద అరడజను పెట్టారంటే తెర నిండుగా ఉంటుంది గానీ పని మందగిస్తుంది. వాడి చూస్తే నిజంగా రోజూ కంటికి పనికొచ్చేవి రెండు మూడే. తేదీ, చేయాల్సిన పనులు, వాతావరణం. పాలసీ ప్రీమియం గడువు, గ్యాస్ బుక్ చేసిన తేదీ రాసుకోవడానికి విండోస్‌లో ఉన్న 'స్టిక్కీ నోట్స్' చక్కగా సరిపోతుంది. అయితే దాని మీద ఏటీఎం పిన్, బ్యాంకు పాస్‌వర్డు మాత్రం రాయకండి. అది తలుపు మీద తాళంచెవి తగిలించడమే!

మనకు దొరికేది అందరికీ దొరుకుతుంది

వెతుకులాట సులువయ్యేకొద్దీ గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. సెర్చ్‌కి మన పర బేధం లేదు. కుర్చీలో ఎవరు కూర్చుంటే వారికి వెతికిపెడుతుంది. 'పాస్‌వర్డ్స్' అని పేరు పెట్టిన ఫైలు మీకెంత వేగంగా దొరుకుతుందో, సరదాగా ఆట ఆడుకోవడానికి వచ్చిన పక్కింటి కుర్రాడికీ అంతే వేగంగా దొరుకుతుంది.

అందుకే ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో యూజర్ అకౌంటు పెట్టుకోండి. ఎవరి పాస్‌వర్డు వారిది. ఇందులో దాపరికమేమీ లేదు. ఎవరి బీరువా అర వారికున్నట్టే. మీ సొంత ఫైళ్లు మీ అకౌంటులోని డాక్యుమెంట్స్‌లోనే ఉంచండి. డి డ్రైవ్ మామూలుగా ఇంట్లో అందరి అకౌంట్లకూ తెరిచే ఉంటుందన్న సంగతి చాలామందికి తెలియదు. అడ్మినిస్ట్రేటర్ అకౌంటు ఉన్నవారైతే మిగతావారి ఫైళ్లు కూడా చూడగలరు. ఆ అకౌంటు ఎవరి చేతిలో ఉందో తెలుసుకోండి. లేచి వెళ్లేటప్పుడు కిటికీ బొమ్మ కీ, 'ఎల్' కలిపి నొక్కితే తెరకు తాళం పడుతుంది.

రిపేరుకిచ్చే ముందు మరింత జాగ్రత్త. ఫొటోలు, కాగితాలు బయటి డిస్కులోకి కాపీ చేసి, సొంతవి తీసేయాలి. మెయిల్, బ్యాంకు సైట్ల నుంచి సైన్ అవుట్ కావాలి. వీలైతే పక్కనే కూర్చుని బాగు చేయించుకోండి. తప్పేం లేదు.

ఏ సాధనమైనా పెట్టుకునే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. 'ఈ పట్టిక నా కంప్యూటర్లోనే ఉంటుందా, బయటికి వెళుతుందా?' 2006 ఫిబ్రవరిలో గూగుల్ డెస్క్‌టాప్ ఒక కొత్త సౌకర్యం తెచ్చింది. ఒక కంప్యూటర్లో ఉన్నవి ఇంకో కంప్యూటర్ నుంచి వెతుక్కోవచ్చన్నారు. అయితే దానికోసం ఫైళ్ల నకళ్లు గూగుల్ సర్వర్లలో పెట్టవలసి వచ్చేది. పౌరుల హక్కుల కోసం పనిచేసే అమెరికా సంస్థ ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అప్పట్లోనే 'దీన్ని వాడొద్దు' అని చెప్పింది.

ఈ చర్చ ఇంకా ముగియలేదు. 2024 మే నెలలో మైక్రోసాఫ్ట్ 'రీకాల్' అనే దాన్ని ప్రకటించింది. తెర మీద మనం చూసినవాటిని ఎప్పటికప్పుడు ఫొటోలు తీసిపెట్టుకుని, తర్వాత వెతికిపెడుతుంది. 'అంటే మేం చూసినవన్నీ రికార్డవుతాయా?' అని అభ్యంతరాలు రావడంతో వెనక్కి తగ్గి, మనం ఒప్పుకుంటేనే మొదలయ్యేలా మార్చారు. 2025 ఏప్రిల్ నుంచి కోపైలట్ ప్లస్ రకం కంప్యూటర్లలో మాత్రమే అందుబాటులోకి తెచ్చారు. కొత్త ల్యాప్‌టాప్ కొంటే 'ఎస్' 'ఎస్' అని నొక్కుకుంటూ పోకుండా ఏం అడుగుతోందో చదివి నొక్కండి. కలిసి వాడే కంప్యూటర్లో ఇది లేకపోతేనే నయం.

చివరిగా... దొరికేది ఉంటేనే దొరుకుతుంది! డిస్కు పాడైతే ఏ సెర్చూ ఏమీ చేయలేదు. ముఖ్యమైన ఫోల్డర్‌ను మూణ్నెల్లకోసారి బయటి డిస్కులోకి కాపీ చేసి బీరువాలో పెట్టండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మీ కంప్యూటర్ ఆ పాతదే అయితే ఈ కాపీ పని రేపటికి వాయిదా వేయకండి.

ఐదు కాగితాల పరీక్ష

ఈ ఆదివారం మధ్యాహ్నం తీరిగ్గా కూర్చుని ఈ పరీక్ష పెట్టుకోండి. ఎవరినీ అడక్కూడదు. ఒక్కోదానికి ఒక్క నిమిషమే గడువు.

1. ఇంట్లో అందరి ఆధార్ కాపీలు.

2. ఆరోగ్య బీమా పాలసీ, దాని నంబరు.

3. పెద్దవాళ్ల చివరి వైద్య పరీక్షల రిపోర్టు.

4. పిల్లల పదో తరగతి మెమో, కుల, ఆదాయ ధ్రువపత్రాలు.

5. ఇంటి దస్తావేజు కాపీ, బ్యాంకు డిపాజిట్ల వివరాలు.

ఐదూ దొరికాయా? శభాష్! ఇప్పుడు అదే పరీక్ష కాలేజీకెళ్లే అమ్మాయికీ, అబ్బాయికీ పెట్టండి. మూడే దొరికాయా? దొరకని రెంటినీ ఎక్కడున్నా వెతికి పట్టుకుని, పేరు మార్చి, ఒకే ఫోల్డర్లో చేర్చండి. అసలు ఒక్కటీ దొరకలేదంటే బెంగపడకండి. ఈ సాయంత్రం ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఏది ఎక్కడుందో ఒక్కొక్కటే చెప్పించుకోండి. ఆయన చెబుతుంటే మౌస్ మాత్రం మీ చేతిలోనే ఉండాలి సుమా!